డిజిటల్ సాంకేతిక సదస్సుల నుండి పొలం వరకు: విస్తరణ శాస్త్రవేత్త పరిశీలించవలసిన అంశాలు

వ్యవసాయంలో డిజిటల్ ఆవిష్కరణలు, వర్చువల్ బోధన అనే అంశాలపై రాష్ట్ర, ప్రాంతీయ స్థాయి సదస్సులు నేడు విరివిగా జరుగుతున్నాయి. విశ్వవిద్యాలయ అధ్యాపకులు, కృషి విజ్ఞాన కేంద్రాల, ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు వీటిలో పాల్గొంటున్నారు. ప్రతినిధి రుసుము, ప్రయాణ వ్యయం, పంటకాలంలో పొలానికి దూరమైన రెండు మూడు రోజులు ఈ హాజరుకు మనం చెల్లించే మూల్యం. ఇందుకు ప్రతిఫలంగా మనం తిరిగి తెచ్చుకొనేది ఒక ధ్రువపత్రం, ఒక సంచి, సారాంశాల సంపుటి మాత్రమే అయితే ఆ వ్యయం సార్థకం కాదు.

ఈ విషయం వ్యక్తిగత వృత్తి వికాసానికి మాత్రమే సంబంధించినది కాదు. విస్తరణ శాస్త్రవేత్త సదస్సులో విని నమ్మిన మాట మరుసటి ఖరీఫ్‌లో సలహాగా రైతుకు చేరుతుంది. ఆ సలహా తప్పితే వేదికపై ప్రసంగించిన వక్తకు నష్టం లేదు. యాప్ రూపొందించిన సంస్థకూ పెద్దగా నష్టం ఉండదు. విత్తనం, ఎరువు, అదను మూడింటినీ పోగొట్టుకొనేది రైతు. వర్షాధార ప్రాంతాలలో విత్తుకొనే అదను ఏడాదికి ఒక్కసారే వస్తుంది. కనుక క్షేత్ర ప్రయోగ ఫలితాలను ఎంత నిశితంగా పరిశీలిస్తామో, సదస్సులో ప్రదర్శించే సాంకేతికతను కూడా అంతే నిశితంగా పరిశీలించాలి. తులనాత్మక మడి లేని ప్రయోగాన్ని, ఒకే సంవత్సరపు దిగుబడిని ఆధారంగా చేసుకొని మనం ఏ వంగడాన్నీ సిఫారసు చేయము. డిజిటల్ సాధనానికి ఈ నియమం నుండి మినహాయింపు ఇవ్వవలసిన కారణం లేదు. సదస్సుకు ముందు, సదస్సు జరిగేటప్పుడు, తిరిగి వచ్చిన తరువాత ఈ నియమాన్ని ఎలా పాటించవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గత అనుభవాలు నేర్పే పాఠాలు

విస్తరణలో సమాచార సాంకేతికత కొత్తది కాదు. పూర్వ ప్రయత్నాల చరిత్ర తెలిసిన ప్రతినిధి నేటి ప్రదర్శనలలో ఏది నిజంగా నూతనమో, ఏది పాత ఆలోచనకు కొత్త రూపమో గుర్తించగలుగుతాడు. అందుకు నాలుగు అనుభవాలు ప్రత్యేకంగా గమనించదగినవి.

మొదటిది 1956లో యునెస్కో సహకారంతో పూణె ఆకాశవాణి కేంద్రం పరిధిలో నిర్వహించిన గ్రామీణ రేడియో వేదికల ప్రయోగం. సుమారు 150 గ్రామాలలో రైతులు బృందంగా కూర్చొని కార్యక్రమం విని, చర్చించి, గ్రామంలో ఏమి చేయాలో నిర్ణయించుకొనేవారు. దీని మూల్యాంకనంలో వేదికలున్న గ్రామాలను, రేడియో ఉండి వేదిక లేని గ్రామాలతోను, రేడియో కూడా లేని గ్రామాలతోను పోల్చారు. వేదికలున్న గ్రామాలలో రైతుల పరిజ్ఞానం గణనీయంగా పెరిగింది. రేడియో మాత్రమే ఉన్న గ్రామాలలో ఆ పెరుగుదల స్వల్పం. అంటే రైతుకు నేర్పినది కేవలం ప్రసారం కాదు, దాని చుట్టూ జరిగిన చర్చ. ఇంతటి స్పష్టమైన తులన నేటి డిజిటల్ ప్రాజెక్టుల నివేదికలలో అరుదుగానే కనిపిస్తుంది.

రెండవది ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం, విద్య అంశాలపై కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. వాటిలో తెలుగు కార్యక్రమాలు కూడా ఉన్నాయి. ఏడాది గడువు ముగియగానే ఉపగ్రహాన్ని మరొక స్థానానికి తరలించారు; గ్రామాలకు ఆ నేరు ప్రసారం ఆగిపోయింది. ఆ ప్రయోగం భారత ఉపగ్రహ ప్రసారాలకు పునాది వేసిందనుటలో సందేహం లేదు. అయినా అది మన ముందుంచిన ప్రశ్న నేటికీ వర్తిస్తుంది: ప్రాజెక్టు కాలం ముగిసిన మరునాడు ఈ సేవ ఎవరి నిధులతో కొనసాగుతుంది?

మూడవది హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ 2004లో వరంగల్ జిల్లా పత్తి రైతులతో ప్రారంభించిన 'ఈ-సాగు'. గ్రామంలో శిక్షణ పొందిన సమన్వయకర్త క్రమం తప్పకుండా ప్రతి చేనును సందర్శించి ఛాయాచిత్రాలు తీసేవాడు. వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి ఆ చేనుకు ప్రత్యేకంగా సలహా పంపేవారు. గ్రామాలలో ఇంటర్నెట్ వేగం చాలని ఆ రోజుల్లో చిత్రాలను సీడీలలో నింపి కొరియర్ ద్వారా పంపేవారు. సాంకేతికత పరిమితంగా ఉన్నా, రైతు అడిగేదాకా వేచి ఉండకుండా చేను స్థితిని బట్టి సలహా ఇవ్వడం అందులోని అసలు ఆవిష్కరణ. సాధనం ఎంత ఆధునికం అనే దానికంటే, సలహా ఆ చేనుకు ఎంత సరిపోతుంది అన్నదే ముఖ్యమని ఈ అనుభవం తెలియజేస్తుంది.

నాలుగవది 'డిజిటల్ గ్రీన్' తొలినాటి అధ్యయనం. కర్ణాటకలోని 16 గ్రామాలలో 13 నెలలపాటు జరిగిన ఈ ప్రయోగంలో స్థానిక రైతులే నటించిన చిన్న వీడియోలను, గ్రామస్థుడైన ఒక వ్యాఖ్యాత సమక్షంలో బృందాలకు చూపించారు. సంప్రదాయ శిక్షణ-సందర్శన పద్ధతితో పోలిస్తే కొన్ని పద్ధతుల ఆచరణ 7 రెట్లు అధికంగా ఉన్నట్లు పరిశోధకులు నివేదించారు. వీడియోను మధ్యమధ్య ఆపి ప్రశ్నలు అడిగి చర్చ నడిపిన వ్యక్తి పాత్ర ఇందులో కీలకం. 1956 నాటి రేడియో వేదికల పాఠమే అర్ధశతాబ్దం తరువాత మరో సాధనంతో పునరావృతమైనదని చెప్పవచ్చు.

బయలుదేరే ముందు

సదస్సు ఉపయోగం చాలావరకు ప్రయాణానికి ముందే నిర్ణయమవుతుంది. తన కార్యక్షేత్రంలోని సమస్యలలో ఒకటి లేదా రెండింటిని ఎంపిక చేసుకొని, వాటిని ప్రశ్నల రూపంలో రాసుకొని వెళ్లడం మొదటి పని. 'డిజిటల్ వ్యవసాయం గురించి తెలుసుకోవాలి' అన్నది ప్రశ్న కాదు. 'మా మండలాలలో మిరపలో నల్ల తామరపురుగు ఉనికిని రైతు గమనించడానికి, మాకు తెలియడానికి మధ్య జాప్యం ఏర్పడుతున్నది. దీనిని తగ్గించే మార్గం ఏమిటి?' అన్నది ప్రశ్న. ఇటువంటి ప్రశ్న చేతిలో ఉన్నవారికి ఏ సమావేశానికి వెళ్లాలో, ఏ ప్రదర్శనశాల వద్ద ఆగాలో, ఎవరితో మాట్లాడాలో తేలికగా తెలుస్తుంది.

రెండవది, సారాంశాల సంపుటి ముందుగా లభిస్తే దానిని చదివి, తమకు అవసరమైన నాలుగైదు పత్రాలను గుర్తించడం. ఒకే సమయంలో రెండు మూడు వేదికలపై ప్రసంగాలు జరిగే సదస్సులలో ఈ ఎంపిక తప్పనిసరి. ప్రారంభోపన్యాసాలలో సాధారణ విషయాలు, పోస్టరు ప్రదర్శనలలో వివరమైన సమాచారం లభించడం సహజం. పోస్టరు ఎదుట నిలబడిన యువ పరిశోధకుడు దత్తాంశాన్ని స్వయంగా సేకరించినవాడు. ఏ గ్రామంలో సెన్సర్ పాడైందో, ఏ రైతు మధ్యలో మానుకొన్నాడో అతనికే తెలుస్తుంది. కాబట్టి విద్యార్థులు పోస్టరు వేదికను చిన్నచూపు చూడరాదు.

ఆన్‌లైన్‌లో పాల్గొనేవారు ఆ రోజులలో కార్యాలయ విధుల నుండి మినహాయింపు పొందడం మంచిది. ఒక చెవితో ప్రసంగం వింటూ, మరో చెవితో ఫోన్ మాట్లాడుతూ హాజరు వేయించుకోవడం వలన ప్రయోజనం లేదు.

ప్రసంగంలోని అంకెలను చదవడం

సదస్సులో తరచుగా వినిపించే వాక్యం 'దిగుబడి ఇంత శాతం పెరిగింది' లేదా 'మా నమూనా ఇంత శాతం కచ్చితత్వంతో గుర్తిస్తుంది' అన్నది. ఈ అంకెలను అపనమ్మకంతో కాక, పరిశీలనాదృష్టితో స్వీకరించాలి. ఇందుకు మన ప్రాంతానికే చెందిన రెండు ఉదాహరణలు తీసుకొందాం.

2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే తేదీని సూచిస్తూ తెలుగులో సంక్షిప్త సందేశాలు పంపాయి. సలహా పాటించిన రైతుల దిగుబడి సగటున 30 శాతం అధికంగా ఉన్నట్లు ఆ సంస్థలు ప్రకటించాయి. రైతు అదనపు పెట్టుబడి లేకుండా, మామూలు ఫోన్‌లోనే సలహా అందుకోవడం ఈ ప్రయోగంలోని గొప్ప సుగుణం. అయితే శస్య శాస్త్ర దృష్టితో ఒక విషయం గమనించాలి. విత్తే తేదీ ప్రభావం ఆ ఏటి వర్షపాత పంపిణీపై ఆధారపడి ఉంటుంది. ఒకే మండలంలో, ఒకే సంవత్సరంలో 175 మంది రైతులు ఉన్నప్పటికీ, వాతావరణపరంగా అది ఒక్క పునరావృతి మాత్రమే. రైతుల సంఖ్య పెంచినంత మాత్రాన సంవత్సరాల సంఖ్య పెరగదు. మరుసటి ఏడాది ఈ కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో ఇతర పంటలకు, 3,000 మందికి పైగా రైతులకు విస్తరించినప్పుడు పెరుగుదల 10 నుండి 30 శాతం మధ్య ఉన్నట్లు నివేదించడం గమనార్హం. మొదటి ఏటి అంకె తరువాతి ఏట పరిధికి పై అంచు అయింది. విత్తే తేదీ సలహాను మదింపు చేయడానికి కనీసం మూడు నాలుగు విభిన్న వర్షాకాలాల సమాచారం, లేదా అనేక సంవత్సరాల వాతావరణ దత్తాంశంతో పంట నమూనా విశ్లేషణ అవసరమవుతుంది.

రెండవ ఉదాహరణ ఖమ్మం జిల్లాలో తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక భాగస్వామ్యంతో అమలైన 'సాగు బాగు'. తొలి దశలో సుమారు 7,000 మంది మిరప రైతులు పాల్గొన్నారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగినట్లు, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గినట్లు, ధర 8 శాతం మెరుగుపడినట్లు ప్రకటించారు. ఇందులో ఫోన్ ద్వారా సలహాలు, భూసార పరీక్ష, కాయ నాణ్యత పరీక్ష, కొనుగోలుదారులతో అనుసంధానం అనే అంశాలు కలిసి ఉన్నాయి. రైతుకు ఈ సమ్మేళనం మేలు చేయవచ్చు. కానీ ఫలితంలో ఏ అంశం వాటా ఎంత అన్నది ఈ అంకెల నుండి తెలియదు. మరో జిల్లాలో నిధులు పరిమితమై ఒక్క సలహా భాగాన్నే అమలు చేయదలచినప్పుడు 21 శాతం పెరుగుదలను ఆశించడం సరికాదు. నత్రజని, నీటి యాజమాన్యం, వంగడం మూడింటినీ ఒకేసారి మార్చి, ఫలితాన్ని నత్రజనికి మాత్రమే ఆపాదించలేము కదా.

స్వచ్ఛందంగా చేరిన రైతులను చేరనివారితో పోల్చినప్పుడు ఎంపిక దోషం ఏర్పడుతుంది. స్మార్ట్‌ఫోన్ ఉండి, ముందుగా పేరు నమోదు చేయించుకొనే రైతుకు సాధారణంగా నీటి వసతి, పరపతి సౌకర్యం, చదువు కూడా మెరుగ్గానే ఉంటాయి. అటువంటి రైతు యాప్ లేకపోయినా ఎక్కువ దిగుబడి తీయగలడు. కనుక 'తులనాత్మక బృందాన్ని ఎలా ఎంపిక చేశారు?' అన్నది వక్తను తప్పక అడగవలసిన ప్రశ్న.

కచ్చితత్వం అనే మాట

చీడపీడలను ఛాయాచిత్రం ద్వారా గుర్తించే నమూనాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2016లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 'ప్లాంట్ విలేజ్' సేకరణలోని 54,306 ఆకుల చిత్రాలతో 14 పంటలు, 26 తెగుళ్లను గుర్తించేలా కంప్యూటరు నమూనాకు శిక్షణ ఇచ్చారు. అదే సేకరణ నుండి విడిగా ఉంచిన చిత్రాలపై నమూనా 99.35 శాతం సరిగా గుర్తించింది. భిన్న పరిస్థితులలో తీసిన చిత్రాలపై పరీక్షించినప్పుడు అది సుమారు 31 శాతానికి పడిపోయింది. శిక్షణకు వాడిన చిత్రాలలో ఆకును తెంపి, సాదా నేపథ్యంపై ఉంచి తీశారు. పొలంలో ఆకుపై నీడ పడుతుంది, దుమ్ము ఉంటుంది, ఒకే ఆకుపై తెగులు మచ్చ, పోషక లోపం, మందు పడిన మరక కలిసి కనిపిస్తాయి. ఈ పరిమితిని ఆ పరిశోధకులే తమ పత్రంలో స్పష్టంగా తెలియజేయడం ప్రశంసనీయం. కానీ సదస్సు వేదికలపై మొదటి అంకె మాత్రమే ప్రచారం పొందే ప్రమాదం ఉంది. 'పరీక్షించిన చిత్రాలు ఎక్కడివి?' అన్న ఒక్క ప్రశ్నతో చాలా విషయం బయటపడుతుంది.

కచ్చితత్వం నిజంగా అధికంగా ఉన్నా, తెగులు అరుదుగా ఉన్నప్పుడు తప్పుడు హెచ్చరికలు ఎక్కువగా వస్తాయి. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 1,000 పొలాలలో 50 పొలాలకు తెగులు సోకిందనుకొందాం. తెగులు ఉన్న పొలాలలో 90 శాతాన్ని, లేని పొలాలలో 90 శాతాన్ని సరిగా గుర్తించే సాధనం మన వద్ద ఉంది. అది తెగులు ఉన్న 50లో 45 పొలాలకు హెచ్చరిక ఇస్తుంది. తెగులు లేని 950లో 95 పొలాలకు కూడా పొరపాటున హెచ్చరిక ఇస్తుంది. మొత్తం 140 హెచ్చరికలలో 95 తప్పు. ప్రతి హెచ్చరికకు రైతు మందు పిచికారీ చేస్తే మూడింట రెండు వంతుల పిచికారీలు అనవసరమైనవే. '90 శాతం కచ్చితత్వం' అన్న మాట వెనుక ఈ వాస్తవం దాగి ఉంటుంది. అందుచేత ఇటువంటి సాధనాన్ని పిచికారీ సలహాకు నేరుగా ఉపయోగించకుండా, ఏ పొలాన్ని ముందుగా సందర్శించాలో నిర్ణయించడానికి వాడుకోవడం శ్రేయస్కరం. పొలంలో ఆర్థిక నష్టపరిమితిని పరిశీలించిన తరువాతనే మందు సిఫారసు చేయాలి.

సేవ ఎవరికి చేరుతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ ఉపయోగించినవారు దేశం మొత్తంమీద 33.3 శాతం కాగా, పురుషులలో 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్ మహిళలలో ఇది 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం మాత్రమే. ఆ తరువాత పరిస్థితి కొంత మారి ఉండవచ్చు. అయినా నాట్లు, కలుపుతీత, కోత, విత్తన నిల్వ వంటి పనులలో అధిక భాగం మహిళల చేతుల మీదుగా జరుగుతున్నందున, కుటుంబంలోని పురుషుని ఫోన్‌కు వెళ్లిన సందేశం ఆ పని చేసేవారికి చేరినట్లు భావించలేము. కలుపుమందు సందేశం ఇంటి యజమానికి, కలుపుతీత భారం మహిళకు చెందినప్పుడు సలహా సగం దారిలోనే ఆగిపోతుంది. స్వయం సహాయక సంఘాల సమావేశాలను, స్వర సందేశాలను ఉపయోగించుకొనే ప్రాజెక్టులను ఈ కారణంగా ప్రత్యేకంగా పరిశీలించాలి.

భాష మరో ముఖ్యాంశం. 'తెలుగులో లభిస్తుంది' అని చెప్పిన ప్రతి సాధనం రైతు మాటను గ్రహించగలదని అనుకోరాదు. వేరుశనగను కొన్ని ప్రాంతాలలో పల్లీ అని, రాయలసీమలో శనక్కాయ అని, బుడ్డలు అని వ్యవహరిస్తారు. 'మందు వేశాను' అంటే చాలా గ్రామాలలో ఎరువు వేశానని, 'మందు కొట్టాను' అంటే పురుగుమందు పిచికారీ చేశానని అర్థం. ఈ రెండింటి తేడాను గుర్తించలేని సంభాషణ సాధనం ప్రమాదకరమైన సమాధానం ఇచ్చే అవకాశం ఉంది. ప్రదర్శనశాలలో సాధనాన్ని పరీక్షించేటప్పుడు పుస్తక భాషలో కాక, మన మండలంలోని రైతు మాట్లాడే తీరులో పది ప్రశ్నలు అడిగి చూడటం అతి సులభమైన పరీక్ష. ఆ ప్రశ్నలను ముందుగా రైతుల నుండే సేకరించి తీసుకువెళ్లడం ఇంకా మంచిది.

వర్చువల్ బోధన: ఏది సాధ్యం, ఏది కాదు

సదస్సులలో రెండవ ప్రధానాంశం వర్చువల్ బోధన. 2017లో 'స్వయం' వేదిక ప్రారంభమైన తరువాత, మరీ ముఖ్యంగా 2020లో కళాశాలలు మూతపడిన కాలంలో, వ్యవసాయ విద్యలో ఆన్‌లైన్ పాఠాలు విస్తరించాయి. విస్తరణ రంగంలో 2024లో తెలంగాణ ప్రభుత్వం 'రైతు నేస్తం' పేరుతో తొలి విడతగా 110 రైతు వేదికలను వీడియో కాన్ఫరెన్సు ద్వారా అనుసంధానించింది. శాస్త్రవేత్త ఒకచోట కూర్చొని అనేక గ్రామాల రైతులతో ముఖాముఖి మాట్లాడే వీలు కలగడం గొప్ప సౌలభ్యం.

ఈ సౌలభ్యపు హద్దులను కూడా గుర్తించాలి. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ పాఠ్యాంశాలపై 2019లో ప్రచురితమైన విశ్లేషణ ప్రకారం 2017–18లో నమోదైనవారిలో సుమారు 3 శాతం మంది మాత్రమే పాఠ్యాంశాన్ని పూర్తి చేశారు. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరుకొన్నవారిలో మాత్రం ఇది 46 శాతం. అంటే నమోదు సంఖ్య నేర్చుకొన్నవారి సంఖ్య కాదు. నేర్చుకొనేవాని నిబద్ధత, అతనికి అందే తోడ్పాటు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వర్చువల్ కార్యక్రమ విజయాన్ని వీక్షణల సంఖ్యతో చెప్పే వక్తను, ఎంతమంది చివరివరకు ఉన్నారు, ఎంతమంది ఆచరించారు అని అడగాలి.

శస్య శాస్త్ర బోధనలో ఏ అంశాలను తెరపై బోధించవచ్చునో, ఏవి పొలంలోనే బోధించాలో వేరు చేయడం అవసరం. విత్తన మోతాదు లెక్క, ఎరువుల మోతాదు గణన, నీటి అవసరాల అంచనా, ప్రయోగ రూపకల్పన, వాతావరణ దత్తాంశ విశ్లేషణ వంటివి ఆన్‌లైన్‌లో చక్కగా నేర్పవచ్చు. విద్యార్థి పాఠాన్ని ఆపి, మళ్లీ విని, తన వేగంతో సాధన చేయగలుగుతాడు. కానీ నేల పదను చేతితో పిడికిట పట్టి తెలుసుకోవలసినదే. నల్లరేగడిలో గుంటక ఎప్పుడు సాగుతుందో, గొర్రు వెంట విత్తనం ఎంత లోతున పడుతున్నదో, రెండాకుల దశలో వరి మొలకను ఊద మొలక నుండి ఎలా వేరు చేయాలో తెరపై చూసినవానికి, పొలంలో వంగి చూసినవానికి మధ్య చాలా అంతరం ఉంటుంది. గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమాన్ని వర్చువల్ రూపంతో భర్తీ చేయడం సాధ్యం కాదనడానికి ఇదే కారణం. తరగతి గదిలో ఉపన్యాసానికి వెచ్చించే గంటలను రికార్డు చేసిన పాఠాలకు మళ్లించి, ఆదా అయిన సమయాన్ని క్షేత్రంలో గడిపితే వర్చువల్ బోధన క్షేత్ర విద్యకు శత్రువు కాక సహాయకారి అవుతుంది. సదస్సులో ఏ బోధనా వేదికను చూసినా, ఇది విద్యార్థి పొలంలో గడిపే సమయాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నదే మన గీటురాయి కావాలి.

తిరిగి వచ్చిన తరువాత

సదస్సు ఫలితం తిరిగి వచ్చిన తరువాతి ఒక పంటకాలంలో తేలుతుంది. ఇందుకు మూడు దశల పద్ధతి ఆచరణయోగ్యం.

మొదటి వారంలో ఒక పేజీ నివేదిక రాయాలి. హాజరైన సమావేశాల జాబితా కాక, తీసుకువెళ్లిన ప్రశ్నకు లభించిన సమాధానం, పరీక్షించదగిన ఒక సాధనం, నిరాకరించిన ఒక సాధనం, అందుకు కారణం అందులో ఉండాలి. నిరాకరణకు కారణం రాయడం ఎంతో విలువైనది; మరుసటి ఏడాది అదే సాధనం మరో పేరుతో ఎదురైనప్పుడు సహోద్యోగులకు ఆ సమాచారం ఉపయోగపడుతుంది.

మొదటి నెలలో విభాగంలో చర్చా సమావేశం జరపాలి. క్షేత్ర సిబ్బందిని, వీలైతే ఇద్దరు ముగ్గురు రైతులను ఆహ్వానించాలి. 1962లో రోజర్స్ ప్రతిపాదించిన ఐదు లక్షణాలు ఈ చర్చకు మంచి చట్రం: సాపేక్ష ప్రయోజనం, స్థానిక పరిస్థితులతో పొందిక, సంక్లిష్టత, చిన్న ఎత్తున ప్రయత్నించి చూడగల వీలు, ఫలితం ఇతరులకు కనిపించడం.

తరువాతి పంటకాలంలో చిన్న ఎత్తున పరీక్ష చేపట్టాలి. సమాచార సాధనాల పరీక్షలో రైతును కాక గ్రామాన్ని ప్రయోగ యూనిట్‌గా తీసుకోవడం సముచితం. ఒకే గ్రామంలో కొందరికి సందేశం పంపి, మరికొందరికి పంపకపోతే, రచ్చబండ వద్ద ఆ సందేశం అందరికీ చేరిపోతుంది. పది గ్రామాలను ఎంచుకొని, చీటీలు తీసి, ఐదింటిలో సాధనాన్ని ప్రవేశపెట్టి, ఐదింటిలో ప్రస్తుత విస్తరణ పద్ధతినే కొనసాగించవచ్చు.

ఇక్కడ విద్యార్థులు గణాంకపరమైన ఒక అంశాన్ని గుర్తుంచుకోవాలి. ఒకే గ్రామంలోని రైతుల ప్రవర్తన ఒకే తీరుగా ఉండటం వలన వారు అందించే సమాచారం పూర్తిగా స్వతంత్రం కాదు. గ్రామానికి 20 మంది చొప్పున పది గ్రామాలలో 200 మంది రైతులను తీసుకొన్నామనుకొందాం. గ్రామాంతర్గత సహసంబంధం 0.1 ఉంటే, రూపకల్పన ప్రభావం 1 + (20 − 1) × 0.1 = 2.9 అవుతుంది. అంటే ఆ 200 మంది సుమారు 69 మంది స్వతంత్ర రైతులతో సమానం. గ్రామానికి రైతుల సంఖ్యను పెంచడం కంటే గ్రామాల సంఖ్యను పెంచడం మేలని దీనివలన తెలుస్తుంది.

కొలవవలసిన అంశాలను కూడా ముందే నిర్ణయించుకోవాలి. డౌన్‌లోడ్‌ల సంఖ్య సాధనం వ్యాప్తిని మాత్రమే తెలుపుతుంది. సలహా అందిన రోజుకు, రైతు చర్య తీసుకొన్న రోజుకు మధ్య వ్యవధి, పిచికారీల సంఖ్య, ఎకరా ఖర్చు, నికర ఆదాయం, సలహా పాటించని రైతులు చెప్పిన కారణాలు అసలైన కొలమానాలు. సలహా పాటించిన తరువాత నష్టం జరిగిన సందర్భాలను విడిగా నమోదు చేసి, వాటిని నివేదికలో దాచకుండా పేర్కొనాలి. రైతుల వివరాలను, పొలం చిత్రాలను సేకరించే సాధనమైతే, ఆ సమాచారం ఎవరి ఆధీనంలో ఉంటుందో రైతుకు తెలుగులో వివరించి అనుమతి పొందడం మన బాధ్యత.

ముగింపు

ప్రాంతీయ సాంకేతిక సదస్సులు విస్తరణ వ్యవస్థకు అవసరమైనవే. వివిధ రంగాల నిపుణులు కలుసుకొనే వేదికలు లేకపోతే ఇంజనీరు పొలం సమస్యను, వ్యవసాయ శాస్త్రవేత్త కంప్యూటరు సామర్థ్యాన్ని తెలుసుకొనే అవకాశం ఉండదు. అయితే ఆ వేదికపై మన పాత్ర శ్రోత పాత్ర మాత్రమే కారాదు. విత్తే అదను, నేల పదను, రైతు భాష, ఋతువుల మధ్య వ్యత్యాసం గురించిన జ్ఞానం మన వద్ద ఉంది. సాంకేతిక నిపుణునికి అది అందితేనే సాధనం మెరుగుపడుతుంది. ప్రశ్నతో వెళ్లి, అంకెలను శోధించి, ఒక్క సాధనాన్ని ఎంపిక చేసుకొని, తులనాత్మక గ్రామాలతో ఒక పంటకాలం పరీక్షించి, ఫలితం అనుకూలమైనా ప్రతికూలమైనా తరువాతి సదస్సులో సమర్పించాలి. అప్పుడు కొత్త సాంకేతికతను మొదటిసారి పరీక్షించే భారం రైతు పొలంపై, రైతు ఖర్చుతో పడకుండా, తులనాత్మక మడులున్న మన ప్రయోగాలపై పడుతుంది. పరిశోధనా వ్యవస్థ ఏర్పడినదే అందుకు.